ఓడ డీజిల్ ఇంజన్‌కి నాక్స్ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి: విశాఖ వాళ్లకి పనికొచ్చే పద్ధతి

"ఇంజన్ దిగిపోయింది సార్, సర్టిఫికెట్ ఎక్కడ చేయిస్తారు?" టగ్గుల ఓనర్లు, షిప్‌యార్డు సబ్ కాంట్రాక్టర్లు, ఆటోనగర్‌లో మెరైన్ ఇంజన్లు బాగుచేసే షెడ్ల వాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. తిరకాసంతా ఆ "దిగిపోయింది" అన్న మాటలోనే ఉంది. ఆర్డరు పెట్టకముందే అడగాల్సిన ప్రశ్నని ఇంజన్ షెడ్డుకొచ్చాక అడుగుతున్నారు.

ఇంజన్ ఎగ్జాస్ట్‌లో వెళ్లే నైట్రోజన్ ఆక్సైడ్లు (నాక్స్) హద్దులోనే ఉన్నాయని చెప్పే ఈ సర్టిఫికెట్ మామూలుగా ఇంజన్ తయారుచేసిన కంపెనీ టెస్ట్ బెడ్ (ఇంజన్‌ని నడిపి పరీక్షించే వేదిక) మీదే పుడుతుంది. పేరు ఈఐఏపీపీ, అంటే ఇంజన్ అంతర్జాతీయ వాయు కాలుష్య నివారణ సర్టిఫికెట్. ఇక్కడ విశాఖలో మనం చేసేది దాన్ని చెడగొట్టుకోకుండా ఓడలోకి చేర్చడం, తనిఖీకి వచ్చే సర్వేయర్ ముందు రుజువు చేసుకోవడం. టెస్ట్ బెడ్ పరీక్ష లేకుండా వచ్చిన ఇంజన్‌కి ఓడ మీదే కొలతలు తీయించే దారి ఒకటుంది. చేతి చమురు బాగా వదిలే దారి అది. అయినా కొందరికి తప్పదు కాబట్టి రెండూ చెబుతాను.

ముందు, మీకిది వర్తిస్తుందా?

ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్. దాని ఆరో అనుబంధంలోని 13వ నియమం 130 కిలోవాట్లు దాటిన మెరైన్ డీజిల్ ఇంజన్లకి వర్తిస్తుంది. హార్స్‌పవర్లో చెప్పాలంటే దాదాపు 175. ఒక్కో ఇంజన్‌ని విడిగా చూడాలి. వంద కిలోవాట్లవి రెండుంటే కలిపి రెండొందలని లెక్కేసుకుని కంగారు పడేవాళ్లున్నారు, అక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్లో మర బోటున్న వాళ్లు ముందు తమ ఇంజన్ నేమ్‌ప్లేటు చూసుకోండి. 130 లోపైతే ఈ వ్యాసంతో మీకు పని లేదు.

లైఫ్‌బోటు ఇంజన్‌కీ, కేవలం అత్యవసరానికే పెట్టిన జనరేటర్‌కీ మినహాయింపుంది. "కేవలం" అన్నది మర్చిపోకండి. బెర్తులో ఉన్నప్పుడు రోజూ ఎమర్జెన్సీ జనరేటర్ మీదే లైట్లు, ఫ్యాన్లు నడిపిస్తుంటే దాని రన్నింగ్ అవర్సే మిమ్మల్ని పట్టిస్తాయి.

ఓడ 400 గ్రాస్ టన్నులు, ఆ పైన అయితే, విదేశీ రేవులకి వెళ్లేదైతే ఓడకి ఐఏపీపీ అనే వేరే సర్టిఫికెట్ ఉంటుంది, ఐదేళ్లకోసారి కొత్తది. చిన్న ఓడకి అది లేకపోయినా ఇంజన్ నియమం ఎగిరిపోదు. ఎలా రుజువు చూపించాలన్నది జెండా దేశం (ఓడ రిజిస్టరైన దేశం) చెబుతుంది, అంటే మనకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన సంస్థ డీజీ షిప్పింగ్. యుద్ధనౌకలకి మార్పోల్ వర్తించదు. నేవల్ డాక్‌యార్డు పనులు చేసేవాళ్లు మాత్రం కాంట్రాక్టు కాగితం చదవాలి. నియమం అడగకపోయినా టెండర్ అడగొచ్చు.

దగ్గర ఉండాల్సినవి

- ఇంజన్ ఈఐఏపీపీ సర్టిఫికెట్, దాని అనుబంధ పత్రం
- ఆమోద ముద్ర ఉన్న టెక్నికల్ ఫైల్. సర్టిఫికెట్ కంటే దీనికే విలువెక్కువ, ఎందుకో కింద తెలుస్తుంది
- ఇంజన్ పారామీటర్ల రికార్డు బుక్
- నేమ్‌ప్లేటు, ప్రతి ముఖ్య భాగం మీది గుర్తు నంబరు కనిపించేలా తీసిన ఫొటోలు
- ఓడ కీల్ (అడుగు దూలం) వేసిన తేదీ చూపించే కాగితం. పాత ఇంజన్ మార్చి పెడుతుంటే మార్చిన తేదీ చూపించేది
- ఓడ మీద కొలత ఉంటే: ఎనలైజర్లు, కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్లు వాటి సర్టిఫికెట్లతో సహా, తడి-పొడి థర్మామీటర్ లేదా మంచి తేమ మీటరు, బారోమీటర్, ఇంధన వాడకం కొలిచే ఏర్పాటు, ఇంధనం ల్యాబ్ రిపోర్టు

1. మీ టైర్ ఏదో తేల్చుకోండి

టైర్ అంటే నాక్స్ హద్దు మెట్టు, అంకె పెరిగేకొద్దీ హద్దు బిగుస్తుంది. ఓడ 2000 జనవరి 1 తర్వాత కట్టిందైతే టైర్-1, 2011 జనవరి 1 తర్వాతదైతే టైర్-2. టైర్-3 అన్నది ప్రత్యేక సముద్ర ప్రాంతాల్లో తిరిగే ఓడలకి. ఉత్తర అమెరికా, అమెరికా కరీబియన్ ప్రాంతాలకి 2016 నుంచి, బాల్టిక్, ఉత్తర సముద్రాలకి 2021 నుంచి కట్టిన ఓడలకి వర్తిస్తుంది. మన తీరంలో అలాంటి ప్రాంతం లేదు. విశాఖ, కాకినాడ, పారాదీప్ మధ్య తిరిగే టగ్గుకి టైర్-2 చాలు. అనవసరంగా టైర్-3 ఇంజన్ కొని, నాక్స్ తగ్గించడానికి దానికి కావాల్సిన యూరియా ట్యాంకుకి చోటు లేక తల పట్టుకోకండి.

"కట్టిన తేదీ" అంటే కీల్ వేసిన తేదీ. డెలివరీ తేదీ చూసుకుని లెక్క తప్పేవాళ్లు చాలామంది.

నాక్స్ హద్దు ఇంజన్ రేటెడ్ వేగాన్ని బట్టి మారుతుంది. 130 ఆర్‌పీఎం లోపు పెద్ద ఇంజన్లకి టైర్-2లో కిలోవాట్-గంటకి 14.4 గ్రాములు. 2000, ఆ పైన 7.7. మధ్యలో ఉన్నవాటికి ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పి 44 × వేగం^(-0.23) కొట్టండి. 750కి 9.60 వస్తుంది, 900కి 9.20, 1500కి 8.18, 1800కి 7.85. టైర్-1కి 45 × వేగం^(-0.2), 1500 దగ్గర 10.42. మీ ఇంజన్ సంఖ్యని ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకి అంటించండి. చివరి వరకూ పనికొస్తుంది.

2. ఆర్డరులోనే రాయించండి

పర్చేజ్ ఆర్డరులో మూడు మాటలు ఉండాలి: ఈఐఏపీపీ, ఆమోదించిన టెక్నికల్ ఫైల్, టెస్ట్ సైకిల్ (ఏ వేగాల, లోడుల దగ్గర పరీక్షించాలన్న క్రమం) పేరు. మూడోదాన్ని అందరూ వదిలేస్తారు.

ఒకే ఇంజన్‌ని ప్రొపెల్లర్‌కి కట్టొచ్చు, జనరేటర్‌కీ కట్టొచ్చు. కానీ పరీక్ష వేరు. మామూలు ప్రొపెల్లర్ తిప్పే మెయిన్ ఇంజన్‌కి ఈ3 సైకిల్. రెక్కల కోణం మార్చుకునే ప్రొపెల్లర్ ఉన్నా, డీజిల్-ఎలక్ట్రిక్ అయినా ఈ2. ఒకే వేగంతో తిరిగే జనరేటర్ ఇంజన్‌కి డీ2. డ్రెడ్జర్ మీద పంపులాగా వేగం, లోడు రెండూ మారే సహాయక ఇంజన్‌కి సీ1. డీ2 సర్టిఫికెట్‌తో వచ్చిన ఇంజన్‌ని చవగ్గా దొరికిందని టగ్గు మెయిన్ ఇంజన్‌గా బిగిస్తే ఆ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. రెండు పనులకీ వాడే ఉద్దేశముంటే రెండు సైకిళ్లకీ పరీక్షించి ఇమ్మని ముందే అడగండి.

హెచ్చరిక: నేల మీద వాడే జనరేటర్ సెట్‌కి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సీపీసీబీ-4 ప్లస్ స్టిక్కరు ఉంటుంది. 2023 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కఠినమైన ప్రమాణమే అది, కాదనను. అయినా ఓడ మీద దానికి విలువ లేదు. "ఇంకా మంచి స్టిక్కరే కదండీ" అని వాదించి లాభం లేదు, సర్వేయర్ అడిగేది ఈఐఏపీపీ ఒక్కటే.

పాత ఇంజన్ కొనేవాళ్లకి ఇంకో మాట. అలంగ్‌లో విరిచిన ఓడల నుంచి వచ్చే ఇంజన్లు బలంగానే ఉంటాయి, ధర కూడా నోరూరిస్తుంది. కానీ ఓడలో ఉన్న ఇంజన్‌ని తీసి వేరే రకం పెడితే, పెట్టిన రోజున అమల్లో ఉన్న టైర్ వర్తిస్తుంది. ఓడ 2008లో కట్టిందే అయినా ఇవాళ కొత్తగా వేరే మోడల్ పెడితే టైర్-2 కావాలి. అచ్చం అదే ఇంజన్ అయితేనే పాత టైర్ నిలుస్తుంది, "అచ్చం అదే" అని రుజువు చేసుకునే బరువు మీది. టెక్నికల్ ఫైల్ లేని పాత ఇంజన్‌ని, ఎంత చవగ్గా వచ్చినా, ఓడలో పెట్టొద్దనే నా సలహా.

3. క్లాస్ వాళ్లని ముందే కలవండి

భారత జెండా ఓడలకి ఈ పని డీజీ షిప్పింగ్ తరఫున గుర్తింపు పొందిన క్లాస్ సొసైటీలు (ఓడల నిర్మాణం, భద్రత తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థలు) చేస్తాయి. ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ అందులో ఒకటి. ప్రభుత్వం తరఫున విశాఖలో మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉంది. మీ ఓడ ఏ క్లాస్‌లో ఉందో ఆ క్లాస్‌కి ఇంజన్ మోడల్, సీరియల్ నంబరు, ఈఐఏపీపీ ఇచ్చిందెవరు అన్నది రాతపూర్వకంగా పంపి "ఇది సరిపోతుందా?" అని అడగండి. వేరే జెండా తరఫున ఇచ్చిన సర్టిఫికెట్ అయితే మరీ ముఖ్యం. జవాబు ఈమెయిల్లో రావాలి. ఫోన్లో "పర్లేదండీ" అన్నది సర్వే రోజు ఎవరికీ గుర్తుండదు.

4. ఇంజన్ వచ్చాక కాగితాన్నీ ఇనుమునీ పక్కపక్కన పెట్టి చూడండి

పెట్టె విప్పిన రోజే చేయాల్సిన పని. ఇంజన్‌ని ఫౌండేషన్ మీద కూర్చోబెట్టి, పైపులు బిగించి, ఇన్సులేషన్ చుట్టాక సగం నంబర్లు కనబడవు.

టెక్నికల్ ఫైల్లో నాక్స్‌ని ప్రభావితం చేసే భాగాల జాబితా ఉంటుంది: ఇంజెక్టర్ నాజిల్, ఫ్యూయల్ పంపు ప్లంజర్, కామ్‌షాఫ్ట్, పిస్టన్, సిలిండర్ హెడ్, టర్బో, చార్జ్ ఎయిర్ కూలర్ (టర్బో నొక్కి పంపే గాలిని చల్లబరిచేది). ఇంజన్‌ని బట్టి జాబితా మారుతుంది. ప్రతి దానికీ ఒక గుర్తు నంబరు. ఆ నంబరు భాగం మీద చెక్కి ఉండాలి. టార్చి పట్టుకుని ఒక్కొక్కటి చదవండి, ఫొటో తీయండి, టిక్కు పెట్టండి. నాజిళ్లు విప్పితే గానీ కనబడవంటే ఒకదాన్నైనా విప్పించి చూడండి.

సింధియా, మల్కాపురం వైపు ఆరుబయట ఉంచిన ఇంజన్ నేమ్‌ప్లేటు సముద్రపు గాలికి త్వరగానే మసకబారుతుంది. దాని మీద గ్రీజు రాసి ప్లాస్టిక్ చుట్టండి. పెయింటర్లకి గట్టిగా చెప్పండి, నేమ్‌ప్లేటు మీద కూడా బ్రష్ లాగేయడం వాళ్లకి అలవాటు.

5. ఓడ మీద రుజువు: పారామీటర్ చెక్

సర్వేయర్ వచ్చినప్పుడు మూడు పద్ధతుల్లో ఏదో ఒకటి: పారామీటర్ చెక్, సరళీకృత కొలత, నేరుగా కొలిచి పర్యవేక్షించడం. ఏది వాడాలో టెక్నికల్ ఫైల్లోనే రాసి ఉంటుంది. మామూలుగా ఎంచుకునేది పారామీటర్ చెక్. గ్యాస్ కొలవరు. భాగాలు ఫైల్లో ఉన్నవేనా, సెట్టింగులు ఫైల్లో ఇచ్చిన హద్దుల్లో ఉన్నాయా అని చూస్తారు, అంతే.

ఇక్కడ తేలిపోయే పొరపాటు ఇంజెక్షన్ టైమింగ్. టైమింగ్ ముందుకి జరిపితే డీజిల్ కాస్త ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది, ఇంజన్ హుషారుగా ఉంటుంది. మెకానిక్‌కి పేరొస్తుంది. లోపల మంట వేడి పెరిగి నాక్స్ మాత్రం ఎగబాకుతుంది. నాక్స్ కంటికి కనబడదు. "చిమ్నీ చూడండి సార్, పొగే లేదు" అన్నది అందుకే ఇక్కడ సాక్ష్యం కాదు. చాలాసార్లు పొగ లేని ఇంజనే ఎక్కువ నాక్స్ వదులుతుంది. సర్వేకి ముందు టైమింగ్ కొలిపించి, ఫైల్లో ఇచ్చిన హద్దుతో సరిచూసుకోండి. కొలత కాగితం మీద తేదీ, చేసినవాళ్ల సంతకం ఉండాలి.

చార్జ్ ఎయిర్ ఉష్ణోగ్రత కూడా చూడండి. కూలర్లో ఆల్చిప్పలు, నాచు పట్టి ఉంటే అది పైకి పోతుంది. ఫైల్లోని రిఫరెన్స్ ఉష్ణోగ్రత సముద్రపు నీరు 25 డిగ్రీలు ఉందనుకుని ఇస్తారు. మన హార్బరు నీళ్లు వేసవిలో అంతకంటే వేడిగా ఉంటాయి. కూలర్ శుభ్రంగా ఉంటేనే హద్దులో నిలుస్తారు.

6. ఓడ మీద గ్యాస్ కొలవాల్సి వస్తే

టెస్ట్ బెడ్ మీద పరీక్షించడం కుదరని ఇంజన్లకి, ఇంజన్ సైజు వల్లనో కట్టుబడి వల్లనో డెలివరీ వల్లనో, ఓడ మీద మొదటి పరీక్షకి అనుమతి ఉంది. కానీ టెస్ట్ బెడ్ నిబంధనలన్నీ ఇక్కడా పాటించాలి. సరళీకృత కొలతలో ఇచ్చే 10 శాతం వెసులుబాటు ఈ మొదటి సర్టిఫికెట్‌కి దొరకదు, అది తర్వాతి సర్వేలకే. అందుకే దీన్ని ఖర్చుల దారి అన్నాను.

బండ్ల పొల్యూషన్ సెంటర్లో డీజిల్ వాహనానికి చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నది. ఆ మీటరు ఇక్కడ పనికిరాదు. నాక్స్‌కి కెమిల్యూమినిసెన్స్ ఎనలైజర్, కార్బన్ డయాక్సైడ్‌కీ మోనాక్సైడ్‌కీ ఇన్‌ఫ్రారెడ్ ఎనలైజర్, హైడ్రోకార్బన్లకి జ్వాలా అయనీకరణ ఎనలైజర్ కావాలి. ఇవన్నీ పట్టుకుని వచ్చే ఏజెన్సీని మాట్లాడుకోండి, వాళ్లని క్లాస్ ఒప్పుకుంటుందా అని ముందే తేల్చుకోండి.

మీరు స్వయంగా చూసుకోవాల్సినవి:

ప్రోబ్ (గ్యాస్ శాంపిల్ తీసే గొట్టం) ఎక్కడ పెడుతున్నారు? టర్బో దాటాక కనీసం పైపు వ్యాసానికి పదింతల దూరంలో ఉండాలి. బయటికి తెరుచుకునే చివర నుంచి లోపలికి కనీసం అర మీటరు లేదా వ్యాసానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అది. టగ్గుల్లో పైపు పొట్టిగా ఉండి రెండూ కుదరకపోతే వేరే చోటికి సర్వేయర్ ఒప్పుకోలు ముందే తీసుకోండి. పైపుకి రంధ్రం, ఫ్లాంజ్ ఇన్సులేషన్ చుట్టకముందే పెట్టించండి.

శాంపిల్ లైన్ వేడిగా ఉందా? చల్లబడితే నీరు చేరి నాక్స్ అందులో కరుగుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది.

జీరో, స్పాన్ (తెలిసిన గ్యాసుతో ఎనలైజర్ సున్నా, పై అంకె సరిచూడటం) ఎప్పుడు చేశారు? పరీక్షకి ముందూ, తర్వాతా చేయాలి. రెండిటి మధ్య తేడా 2 శాతం లోపుండాలి. ఎనలైజర్లో నైట్రోజన్ డయాక్సైడ్‌ని మోనాక్సైడ్‌గా మార్చే నాక్స్ కన్వర్టర్ సామర్థ్యం 90 శాతానికి తగ్గకూడదు. పరీక్ష తర్వాతి స్పాన్ చేయకుండా సిలిండర్లు సర్దేసుకునే తొందరలో ఉంటారు, ఆ కాగితం చేతికి వచ్చేదాకా గ్యాంగ్‌వే తీయనివ్వకండి.

ఒక్కో లోడు దగ్గర ఇంజన్ స్థిరపడ్డాక కనీసం పది నిమిషాలు రికార్డు చేయాలి. ఇంధనం ఐఎస్ఓ 8217 ప్రకారం డీఎం గ్రేడు డిస్టిలేట్ అయ్యుండాలి. ఎక్కడిదో డ్రమ్ములో తెచ్చి పోసి, తర్వాత రిపోర్టు కోసం వెతుక్కోవద్దు. పరీక్ష రోజు తీసిన శాంపిల్‌కి సీలు వేసి ల్యాబ్‌కి పంపండి. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ అంకెలు లెక్కకి కావాలి.

లోడు ఎలా ఎక్కిస్తారన్నది అసలు చిక్కు. జనరేటర్‌కి లోడ్ బ్యాంక్ (కరెంటుని వేడిగా ఖర్చుచేసే పెట్టె) అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. స్విచ్‌బోర్డు మీది కిలోవాట్లని ఇంజన్ శక్తిగా రాసేయకండి. ఆల్టర్నేటర్ సామర్థ్యంతో భాగించాలి. సామర్థ్యం 94 శాతమైతే బోర్డు మీద 300 ఉన్నప్పుడు ఇంజన్ ఇస్తున్నది 319. ఇది మర్చిపోతే మీ ఫలితం ఉన్నదానికంటే చెడ్డగా కనబడుతుంది, చేతులారా ఫెయిల్ అవుతారు.

మెయిన్ ఇంజన్‌కి ఈ3 సైకిల్లో 100, 91, 80, 63 శాతం వేగాల దగ్గర 100, 75, 50, 25 శాతం శక్తి రావాలి. మామూలు ప్రొపెల్లర్ ఉన్న టగ్గుని గట్టు మీది బొలార్డ్‌కి కట్టి లాగితే వేగం అందకముందే టార్క్ నిండిపోతుంది, పాయింట్లు కుదరవు. ఇన్నర్ హార్బరు చానల్లో ఫుల్ స్పీడు ఎవరూ ఒప్పుకోరు. అవుటర్ హార్బరు దాటి, డాల్ఫిన్స్ నోస్ వెనకపడేలా బయటికెళ్లి చేయాల్సిందే. పోర్టు అనుమతి, పైలట్, వాతావరణం అన్నీ కలిసొచ్చే రోజు చూసుకోండి.

7. విశాఖ గాలి లెక్క

దీన్ని కాస్త నిదానంగా చదవండి, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు.

తేమ గాలి లోపలికెళ్తే మంట వేడి తగ్గి నాక్స్ తగ్గుతుంది. అందుకే ఎనలైజర్ చూపించిన అంకె మీ అంకె కాదు. దాన్ని కిలో పొడి గాలికి 10.71 గ్రాముల తేమ, 25 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్న గాలికి సవరించాలి. ఇంటర్‌కూలర్ (అదే చార్జ్ ఎయిర్ కూలర్) ఉన్న ఇంజన్‌కి ఒక సూత్రముంది: తేమ 10.71 కంటే ఎంతెక్కువో దాన్ని 0.012తో, గాలి ఉష్ణోగ్రత 25 డిగ్రీల కంటే ఎంతెక్కువో దాన్ని 0.00275తో గుణించి రెండూ 1 లోంచి తీసేయండి. చార్జ్ ఎయిర్ రిఫరెన్స్ కంటే ఎంత వేడిగా ఉందో దాన్ని 0.00285తో గుణించి కలపండి. వచ్చినదానితో 1ని భాగిస్తే సవరణ గుణకం.

మే నెల మధ్యాహ్నం: 35 డిగ్రీలు, తేమ 71 శాతం, బారోమీటర్ 100.5 కిలోపాస్కల్. ఆవిరి పీడనం 4 కిలోపాస్కల్, కిలో పొడి గాలికి తేమ దాదాపు 25.8 గ్రాములు. చార్జ్ ఎయిర్ సరిగ్గా రిఫరెన్స్ దగ్గరే ఉందనుకుంటే గుణకం 1.26. ఎనలైజర్ లెక్కన ఒక లోడు దగ్గర 6.9 వచ్చిందనుకోండి. అందరూ సంబరపడతారు, 1500 ఆర్‌పీఎం ఇంజన్‌కి హద్దు 8.18 కదా అని. సవరిస్తే అది 8.72.

జనవరి తెల్లవారుజామున: 20 డిగ్రీలు, తేమ 75 శాతం. తేమ 10.9 గ్రాములు, రిఫరెన్స్‌కి పక్కింటి దూరం. గుణకం దాదాపు 0.99. సూత్రం సరిగ్గా వాడితే రెండు రోజులూ ఒకే ఫలితం రావాలి, ఇందులో మోసమేమీ లేదు. కానీ గుణకం పెద్దదయ్యేకొద్దీ తేమ మీటరు చేసే చిన్న తప్పు కూడా పెద్దదై కూర్చుంటుంది. వీలుంటే పరీక్షని డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే పెట్టుకోండి.

ఇంకో మెలిక. టర్బో గాలిని నొక్కి, కూలర్ చల్లబరిచినప్పుడు మన తేమ గాలిలోంచి కొంత నీరు కూలర్లోనే కారిపోతుంది, సిలిండర్ దాకా వెళ్లదు. అందుకని చార్జ్ ఎయిర్ పట్టగల గరిష్ఠ తేమని విడిగా లెక్కగట్టాలి: 622ని ఆ ఉష్ణోగ్రత దగ్గరి సంతృప్త ఆవిరి పీడనంతో గుణించి, చార్జ్ ఎయిర్ పూర్తి పీడనంలోంచి ఆవిరి పీడనం తీసేయగా మిగిలినదానితో భాగించండి. బయటి గాలి తేమ దీనికంటే ఎక్కువైతే దీన్నే వాడాలి. పైన మే నెల ఉదాహరణలో చార్జ్ ఎయిర్ 45 డిగ్రీలు, 300 కిలోపాస్కల్ అయితే ఇది 20.5 వస్తుంది. 25.8 బదులు 20.5 పెడితే గుణకం 1.17కి దిగుతుంది, 6.9 కాస్తా 8.07 అవుతుంది. అదే ఇంజన్, అదే మధ్యాహ్నం. ఈ లెక్క ప్రతి లోడు దగ్గరా విడిగా చేయాలి. తక్కువ లోడులో బూస్టు ఉండదు, నీరూ కారదు. పెద్ద లోడులో కూలర్ డ్రెయిన్ తెరిచి నీళ్లు కారుతున్నాయా అని కళ్లతో చూడండి. కారుతుంటే ఏజెన్సీ షీటులో ఈ గడి నిండిందో లేదో అడగండి.

పరీక్షే చెల్లుతుందా అన్నది తేల్చే ఇంకో అంకె ఉంది. ఇంజన్ ఫ్యామిలీ (ఒకే డిజైను ఇంజన్ల గుంపు) ఆమోదానికి గాలి పరిస్థితుల గుణకం 0.93 నుంచి 1.07 లోపుండాలి. టర్బో ఇంజన్‌కి ఇది (99 ÷ పొడి గాలి పీడనం)^0.7 × (కెల్విన్‌లలో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత ÷ 298)^1.5. మే మధ్యాహ్నం బయట 35 డిగ్రీలున్నప్పుడే ఇది 1.07ని తాకుతుంది. ఇంజన్ రూములో గాలి 42 డిగ్రీలుంటే దాటిపోతుంది. ఉష్ణోగ్రత కొలిచేది టర్బో ఫిల్టర్ దగ్గర, వీల్‌హౌస్‌లో కాదు. బ్లోయర్ డక్టు ఫిల్టర్ వైపు తిప్పుకోండి.

8. మొత్తం ఫలితం ఇలా వేయాలి

డీ2 సైకిల్లో 100, 75, 50, 25, 10 శాతం లోడులకి బరువులు (లెక్కలో ఒక్కో లోడుకిచ్చే వాటా) 0.05, 0.25, 0.30, 0.30, 0.10. ఊహకి 1500 ఆర్‌పీఎం, 400 కిలోవాట్ల ఇంజన్ తీసుకుందాం. ఐదు లోడుల దగ్గర సవరించిన నాక్స్ గంటకి 3000, 2220, 1540, 900, 480 గ్రాములు. ఒక్కోదాన్ని దాని బరువుతో గుణించి కూడితే 1485. శక్తుల్ని 400, 300, 200, 100, 40గా తీసుకుని అలాగే చేస్తే 189. భాగిస్తే 7.86. హద్దు 8.18, పాస్.

చాలామంది వేసే తప్పు లెక్క: ప్రతి లోడుకీ కిలోవాట్-గంటకి గ్రాములు ముందే కట్టేసి, 7.5, 7.4, 7.7, 9.0, 12.0 అని, వాటికి బరువులు వేస్తారు. 8.44 వస్తుంది. పాస్ అయిన ఇంజన్ కాగితం మీద ఫెయిల్. 10 శాతం లోడు దగ్గరి 12.0 చూసి కంగారు పడకండి, టైర్-2కి మొత్తం ఫలితమే లెక్క. టైర్-3లో మాత్రం విడి లోడులకీ ఒక కట్టడి ఉంది: హద్దుకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 10 శాతం లోడుకి అందులోనూ మినహాయింపే.

9. సర్వేయర్ రాకముందు రోజు

- టెక్నికల్ ఫైల్ ఓడ మీదే ఉందా? ఆఫీసు బీరువాలో ఉంటే లేనట్టే.
- ఇంజన్ సీరియల్ నంబరు సర్టిఫికెట్, ఫైల్, నేమ్‌ప్లేటు మూడింటిలో ఒక్కటేనా? ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే క్లాస్‌కి రాయండి.
- రికార్డు బుక్‌లో చివరి పద్దు ఎప్పటిది? ఇంజన్ మొన్ననే ఓవర్‌హాల్ అయి, బుక్ ఖాళీగా ఉంటే సర్వేయర్ మొదట పట్టుకునేది అదే.
- స్టోర్లో ఉన్న స్పేర్ నాజిళ్ల మీది నంబర్లు ఫైల్లో ఉన్నాయా? బిగించినవి సరైనవే అయినా, పక్కన డూప్లికేట్ పెట్టెలు కనబడితే ప్రశ్నలు మొదలవుతాయి.

10. సర్టిఫికెట్ చేతికొచ్చాక

ఈఐఏపీపీకి గడువు తేదీ ఉండదు, ఇంజన్ బతికినంతకాలం చెల్లుతుంది. ఆ చెల్లుబాటు రికార్డు బుక్ మీద ఆధారపడి ఉంటుంది. నాజిల్, ప్లంజర్, టర్బో కార్ట్రిడ్జ్ ఏది మార్చినా, టైమింగ్ తాకినా అదే రోజు రాయండి: తేదీ, రన్నింగ్ అవర్స్, తీసినదాని నంబరు, పెట్టినదాని నంబరు. కొత్త భాగం డబ్బా మీది లేబుల్ కత్తిరించి ఆ పేజీకే అంటించండి.

గుర్తు నంబరు లేని లోకల్ నాజిల్‌తో రాత్రికి రాత్రి ఇంజన్ నడిపించాల్సిన పరిస్థితి ఎవరికైనా రావొచ్చు. అలా జరిగితే దాచకండి. బుక్‌లో రాసి, క్లాస్‌కి చెప్పి, సరైన నాజిల్ రాగానే మార్చి, అదీ రాయండి. శక్తిని 10 శాతానికి మించి పెంచితే మాత్రం బుక్‌తో సరిపోదు. దాన్ని పెద్ద మార్పుగా చూస్తారు, ఓడ కట్టిన నాటి టైర్‌కి (2000కి ముందు కట్టిందైతే టైర్-1కి) మళ్లీ మొదటి మెట్టు నుంచే.